ప్రజల పేరున ఇచ్చిన బొమ్మలు: చిలీ సంఘీభావ మ్యూజియం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

దక్షిణ అమెరికాలో చిలీ దేశం, దాని రాజధాని శాంటియాగో. అక్కడ ఉన్న ఒక కళా మ్యూజియం గురించి ఈ పేజీ. ఏ రాజుగారి ఖజానాతోనూ, ఏ కోటీశ్వరుడి సరదాతోనూ పుట్టిన మ్యూజియం కాదది. ఒక దేశ ప్రజలు ఎంచుకున్న దారికి మేమూ తోడున్నామని చెప్పడానికి ఎన్నో దేశాల చిత్రకారులు, శిల్పులు తమ పనులను ఊరికే ఇచ్చేశారు. వాటితో ఏర్పడింది. దీని గురించి ఎవరికి చెప్పినా దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతారు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాస్తున్నాను.

మ్యూజియం పేరేమిటి? ఎంత పెద్దది?

స్పానిష్‌లో ‘మూసెయో దె లా సొలిదారిదాద్ సాల్వడార్ అయెందే’ అంటారు. మన పత్రికలు ఆ పేరును అలెండీ అని రాస్తాయి కాబట్టి ఇక్కడా అలాగే రాస్తాను. సాల్వడార్ అలెండీ సంఘీభావ మ్యూజియం అన్నమాట. 1971లో మొదలైంది. అప్పటి చిలీ అధ్యక్షుడే అలెండీ. చిత్రాలు, శిల్పాలు, ప్రింట్లు, ఫొటోలు, నేత పనులు అన్నీ కలిపి ఇప్పుడు 2,500కు పైగా ఉన్నాయి. ఇవన్నీ ఒకేసారి పెట్టేంత చోటు భవనంలో లేదు. అందుకని ప్రదర్శనలు మారుస్తూ ఉంటారు.

ఈ ఆలోచన ఎవరికి వచ్చింది?

1971 మొదటి సగంలో అలెండీ ప్రభుత్వం ‘ఆపరేసియోన్ వెర్దాద్’ పేరుతో ఒక కార్యక్రమం పెట్టింది. వెర్దాద్ అంటే నిజం. చిలీలో ఏం జరుగుతోందో విదేశీ పత్రికల్లో చదివి నమ్మడం కాదు, మీరే వచ్చి మీ కళ్లతో చూడండి అని బయటి దేశాల జర్నలిస్టులను, రచయితలను, కళాకారులను పిలిచింది. వచ్చినవాళ్లలో స్పెయిన్ కళా విమర్శకుడు హోసే మరియా మొరేనో గల్వాన్, ఇటలీ నుంచి కార్లో లెవి ఉన్నారు. లెవి డాక్టరు, చిత్రకారుడు, రచయిత, అప్పటికి సెనేటర్ కూడా. ముస్సోలినీ కాలంలో ఆయనను దక్షిణ ఇటలీలోని ఓ మారుమూల పల్లెకు పంపి నిర్బంధంలో పెట్టారు. మనం మద్దతు ప్రకటన మీద సంతకాలు పెట్టి వెళ్లిపోవడమేనా, కళాకారులు తమ చేతిలో ఉన్నదేదో ఇవ్వాలి కదా అన్న మాట అక్కడే పుట్టింది. అలెండీకి ఆలోచన నచ్చింది. బాధ్యతను చిలీ విశ్వవిద్యాలయంలోని లాటిన్ అమెరికా కళల సంస్థ తీసుకుంది.

చిలీకి అంతగా మద్దతు ఎందుకు అవసరమైంది?

1970 సెప్టెంబర్ 4న జరిగిన అధ్యక్ష ఎన్నికల్లో అలెండీ గెలిచారు. వృత్తిరీత్యా డాక్టరు. అది ఆయన నాలుగో ప్రయత్నం. ఆయన వెనుక ఉన్నది సోషలిస్టులు, కమ్యూనిస్టులు, మరికొన్ని పార్టీలు కలిసిన ‘ఉనిదాద్ పొపులార్’ కూటమి. తుపాకీతో కాకుండా ఓటుతో, ఉన్న రాజ్యాంగం లోపలే సోషలిజానికి వెళ్తామన్నది వాళ్ల మాట. ప్రపంచమంతా అటు చూసింది ఇందుకే. కొందరు ఆశతో చూశారు, కొందరు భయంతో.

మరుసటి ఏడాది జూలై 11న రాగి గనులను జాతీయం చేశారు. చిలీ పార్లమెంటు ఏకగ్రీవంగా ఓటేసింది, ప్రతిపక్షం కూడా కాదనలేదు. గనులు అప్పటిదాకా ప్రధానంగా అమెరికా కంపెనీల చేతిలో ఉండేవి. ఆ తర్వాత అప్పులు పుట్టడం కష్టమైంది, విడిభాగాలు రావడం కష్టమైంది. దేశంలోని పెద్ద పత్రికకు సీఐఏ డబ్బు అందిన సంగతిని 1975లో అమెరికా సెనేట్ విచారణ కమిటీయే బయటపెట్టింది. అంటే 1971లో చిలీకి డబ్బు కొరతతో పాటు, తన మాట బయటి ప్రపంచానికి వినిపించుకునే దారి కూడా కొరతే. అలాంటప్పుడు ప్రపంచానికి బాగా తెలిసిన కళాకారుడు తన బొమ్మను శాంటియాగోకు పంపితే, ఆ వార్త ఆపినా ఆగదు.

పేద దేశానికి కావాల్సింది బొమ్మలా, తిండా?

చాలామంది అడిగేది ఇదే. అడగాల్సిన ప్రశ్న కూడా. కానీ ఆ ప్రభుత్వం ఈ రెండింటినీ ఒకదానికొకటి పోటీ పెట్టలేదు. ప్రతి బిడ్డకూ రోజుకు అర లీటరు పాలు అన్నది అలెండీ ఎన్నికల వాగ్దానాల్లో ముఖ్యమైనది. ఆ పథకం నడుస్తున్న రోజుల్లోనే ప్రభుత్వం ‘కిమంతు’ అనే ప్రచురణ సంస్థను కూడా నడిపింది. సిగరెట్ పెట్టె ధరకు పుస్తకం దొరికేది, న్యూస్‌పేపర్ బడ్డీల్లో అమ్మేవాళ్లు. కార్మికుడి ఇంట్లో పాలూ ఉండాలి, పుస్తకమూ ఉండాలి అనుకున్న కాలమది.

పైగా ఈ బొమ్మలు కొనడానికి ఖజానా నుంచి డబ్బు తీయలేదు. మార్కెట్లో అయితే వీటిలో చాలావాటిని అలాంటి దేశం కలలో కూడా కొనలేదు. పేదవాడికి కళ ఎందుకన్న మాట నాకు ఎప్పుడూ మింగుడుపడదు. ఆ మాట అనేది సాధారణంగా కడుపు నిండినవాళ్లే.

మారియో పెద్రోజా ఎవరు? ఆయన పేరు ఎందుకు ఇన్నిసార్లు వినిపిస్తుంది?

ఈ మ్యూజియానికి ప్రాణం పోసిన మనిషి ఆయన. బ్రెజిల్ దేశస్థుడు, లాటిన్ అమెరికాలో ఎంతో పేరున్న కళా విమర్శకుడు. యవ్వనం నుంచీ వామపక్షవాది, స్టాలిన్ మార్గాన్ని గట్టిగా వ్యతిరేకించిన రకం. పార్టీ చెప్పినట్టు బొమ్మలు వేయాలన్న వాదనను ఎన్నడూ ఒప్పుకోలేదు. అలెగ్జాండర్ కాల్డర్ గాలికి కదిలే శిల్పాల గురించి 1940లలోనే రాశారు.

బ్రెజిల్‌లో 1964 నుంచి సైనిక పాలన. జైళ్లలో చిత్రహింసల సమాచారాన్ని విదేశాలకు చేరవేశారన్న ఆరోపణపై 1970లో ఆయన అరెస్టుకు ఆదేశాలు వచ్చాయి. పికాసో, కాల్డర్, హెన్రీ మూర్ లాంటివాళ్లు ఆయన కోసం బహిరంగ లేఖ మీద సంతకాలు పెట్టారు. డెబ్బై ఏళ్ల వయసులో ఆయన దేశం వదిలి చిలీలో తలదాచుకున్నారు.

ఇక్కడ ఆగి ఒక విషయం గమనించాలి. సంఘీభావ మ్యూజియాన్ని నడిపింది తానే శరణార్థిగా వచ్చిన మనిషి. ఆశ్రయమిచ్చిన దేశానికి ఆయన ఇవ్వగలిగిన ఆస్తి పరిచయాలే. జీవితమంతా పోగేసుకున్న స్నేహాలను ఈ పనికి పెట్టారు. 1971 చివరికల్లా ‘చిలీతో కళా సంఘీభావ అంతర్జాతీయ కమిటీ’ తయారైంది. అధ్యక్షుడు పెద్రోజా. అమెరికా నుంచి విమర్శకురాలు డోర్ ఆష్టన్, ఇంగ్లండ్ నుంచి రోలాండ్ పెన్రోజ్, ఫ్రాన్స్ నుంచి కవి లూయీ అరగాన్, ఇటలీ నుంచి కళా చరిత్రకారుడు జూలియో కార్లో అర్గాన్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్టెడెలిక్ మ్యూజియం డైరెక్టర్ ఎడీ ద విల్దే, ప్రవాసంలో ఉన్న స్పెయిన్ కవి రఫాయెల్ అల్బెర్తి... పేర్లు చూస్తేనే అర్థమవుతుంది. వీళ్లలో ఎవరు ఉత్తరం రాసినా చిత్రకారులు చదవకుండా పక్కన పడేయరు.

బొమ్మలు శాంటియాగోకు ఎలా చేరాయి?

కమిటీ సభ్యులు తమ తమ దేశాల్లో కళాకారులకు ఉత్తరాలు రాశారు, ఇళ్లకు వెళ్లి అడిగారు. పోగైన వాటిని చాలాచోట్ల చిలీ రాయబార కార్యాలయాలు తీసుకుని పంపేవి. పారిస్‌లో అప్పటి చిలీ రాయబారి ఎవరో కాదు, కవి పాబ్లో నెరూడా. 1971లోనే ఆయనకు నోబెల్ వచ్చింది.

1972 మే 17న శాంటియాగోలోని కింతా నోర్మాల్ పార్కులో ఉన్న సమకాలీన కళల మ్యూజియంలో మొదటి ప్రదర్శన మొదలైంది. అలెండీ వచ్చి మాట్లాడారు. కళాకారులే తమ ఇష్టంతో, గొప్ప సమకాలీన కళను ఒక మూడో ప్రపంచ దేశంలో మామూలు జనానికి చేరువ చేయడం ఇదే మొదటిసారి అని గర్వంగా చెప్పుకున్నారు. రెండేళ్లలో ఆరు వందలకు పైగా పనులు పోగయ్యాయి. సొంత భవనం మాత్రం అప్పటికి లేదు.

ఎవరెవరు ఇచ్చారు?

అందరి పేర్లూ రాస్తే ఈ పేజీ చాలదు. స్పెయిన్ నుంచి జోన్ మిరో, ఆంతోని తాపియెస్, ఎదువార్దో చిలీదా. అమెరికా నుంచి కాల్డర్, ఫ్రాంక్ స్టెల్లా. ఫ్రాన్స్ నుంచి పియెర్ సులాజ్, విక్టర్ వాజరెలీ. మెక్సికో నుంచి సికేరోస్. బ్రెజిల్ నుంచి లీజియా క్లార్క్. చిలీలోనే పుట్టి యూరప్‌లో పేరు తెచ్చుకున్న రొబెర్తో మాత్తా.

మిరో పంపింది చిలీ కోసమని ప్రత్యేకంగా వేసిన చిత్రం. అందులో కోడిపుంజు ఉంటుంది. అప్పటికి ఆయనకు దాదాపు 80 ఏళ్లు. స్వదేశంలో ఫ్రాంకో నియంతృత్వం ఇంకా నడుస్తోంది. ఉన్నవాటిలో ఒకటి తీసి ఇచ్చి చేతులు దులుపుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. కానీ ఆయన కొత్తగా కుంచె పట్టారు.

నన్ను ఎక్కువగా కదిలించేది మాత్రం అమెరికా కళాకారుల పేర్లు. తమ ప్రభుత్వం ఏ దేశం గొంతు నులుముతోందో ఆ దేశానికే వాళ్లు కానుకలు పంపారు. ఫ్రాంక్ స్టెల్లా ఇచ్చిన ‘ఇస్ఫహాన్ 3’ గోడంత చిత్రం. వృత్తఖండాలు, మెరిసే రంగులు, అంతే. 1968లో వేసింది. ఇరాన్ నగరం పేరు పెట్టుకుని న్యూయార్క్‌లో తయారై, చిలీ కార్మికుల కోసం శాంటియాగో చేరింది.

ఇవన్నీ ఎర్రజెండాలు, పిడికిళ్ల బొమ్మలేనా? ఇది ప్రచారం కిందికి రాదా?

ఒకసారి గదుల్లో తిరిగితే ఈ అనుమానం దానంతటదే పోతుంది. నైరూప్య చిత్రాలు, జ్యామితీయ ఆకారాలు, కంటిని తికమకపెట్టే గీతలు ఎక్కువగా కనిపిస్తాయి. నినాదాల బొమ్మలు లేకపోలేదు, అవీ ఉన్నాయి. పెద్రోజా ఎవరికీ ఫలానా అంశం మీద వేయండి, ఫలానా పద్ధతిలో వేయండి అని చెప్పలేదు. మీ పనిలో మీకు నచ్చింది పంపండి అన్నారు. ఇవ్వడంలో ఉంది రాజకీయం. బొమ్మలో ఉన్నా సరే, లేకపోయినా సరే.

దీని మీద అప్పట్లో చిలీ వామపక్షంలోనూ వాదనలు ఉండేవి. గోడల మీద బొమ్మలేసే రమొనా పర్రా దళాల యువకులకు మ్యూజియం అంటేనే డబ్బున్నవాళ్ల చోటులా కనిపించేది. నా అభిప్రాయం అడిగితే, పెద్రోజా దారే సరైనది. కార్మికుడికి అర్థమయ్యేది పోస్టరు మాత్రమే అనుకోవడంలో ఒక రకమైన చిన్నచూపు ఉంది. మంచి సంగతేమిటంటే రెండు దారులూ కలిసిన సందర్భం కూడా ఉంది. మాత్తా అంతటివాడు 1971లో శాంటియాగో శివారు లా గ్రాంహాలోని ఈత కొలను గోడ మీద ఆ దళాల కుర్రాళ్లతో కలిసి పొడవాటి బొమ్మ వేశారు. పేరు ‘చిలీ ప్రజల మొదటి గోల్’. సైనిక పాలనలో దాని మీద పొరలు పొరలుగా రంగు పూసి కప్పేశారు. దశాబ్దాల తర్వాత ఆ పొరలన్నీ ఓపిగ్గా తీసి మళ్లీ బయటికి తెచ్చారు.

ప్రభుత్వానికి ఇచ్చినా ప్రజలకు ఇచ్చినా ఒకటే కదా?

కాదు. ఈ కథంతా నిలబడింది ఆ తేడా మీదే.

కళాకారులు దానం చేసింది చిలీ ప్రజల పేరున. కాగితం మీద రాసుకున్నప్పుడు అది మర్యాద కోసం వాడిన మాటలా కనిపించి ఉండవచ్చు. అప్పటికి ప్రజలూ ప్రభుత్వమూ ఒకే వైపు ఉన్నారు కాబట్టి తేడా తెలియలేదు. 1973 తర్వాత ప్రభుత్వమే ప్రజల మీదికి ట్యాంకులు తెచ్చినప్పుడు ఆ మాటకు బరువు వచ్చింది. బొమ్మలు శాంటియాగోలోనే, సైనికుల చేతుల్లోనే ఉన్నాయి. అయినా అవి వాళ్లవి కావు. తాళం చెవి ఎవరి దగ్గరున్నా హక్కు ఎవరిదో ఇచ్చినవాళ్లకు తెలుసు. అందుకే పెద్రోజా, డోర్ ఆష్టన్ లాంటివాళ్లు వాటిని సైనిక ప్రభుత్వానికి వదలకుండా వెనక్కి రప్పించాలని ప్రయత్నించారు. అది కుదరలేదు. కానీ అడగడానికి వాళ్లకు న్యాయమైన ఆధారం ఉంది. మీ దగ్గరున్నది మీది కాదని గట్టిగా చెప్పగలిగారు.

1973 సెప్టెంబర్ 11న ఏమైంది?

సైన్యం తిరగబడింది. వైమానిక దళం అధ్యక్ష భవనం లా మొనేదా మీద బాంబులు వేసింది. అలెండీ లోపలే చనిపోయారు. జనరల్ పినోచెట్ నాయకత్వంలో మొదలైన సైనిక పాలన 1990 మార్చి దాకా సాగింది. వేలమందిని చంపారు, మాయం చేశారు. లక్షల మంది దేశం వదిలారు. నెరూడా అదే నెల 23న కన్నుమూశారు.

మ్యూజియం నడిపినవాళ్లు చెల్లాచెదురయ్యారు. పెద్రోజా మెక్సికో రాయబార కార్యాలయంలో తలదాచుకుని, అక్కడి నుంచి మెక్సికోకు, తర్వాత పారిస్‌కు వెళ్లారు. డెబ్బై మూడేళ్ల వయసులో మళ్లీ శరణార్థి. చిత్రకారుడు గియెర్మో నున్యెస్ అంతకుముందు సమకాలీన కళల మ్యూజియం డైరెక్టర్‌గా చేశారు. ఆయనను 1974లో అరెస్టు చేశారు. విడుదలయ్యాక 1975లో పంజరాలతో ప్రదర్శన పెడితే వెంటనే మూసేయించి, మళ్లీ పట్టుకెళ్లి, చివరికి దేశం నుంచే పంపేశారు.

బొమ్మల్లో ఎక్కువ భాగం సమకాలీన కళల మ్యూజియం గోదాముల్లో మూలపడ్డాయి. సంఘీభావం అన్న మాటగానీ, అవి ఎందుకు వచ్చాయన్న కథగానీ ఎక్కడా వినిపించకుండా పోయింది. 1973లో కొన్ని పనులను ప్రదర్శించిన పెద్ద భవనం ఒకటుంది. ఐక్యరాజ్యసమితి వాణిజ్య అభివృద్ధి సదస్సు కోసం కార్మికులు, కళాకారులు కలిసి 275 రోజుల్లో కట్టిన భవనం. దాన్ని సైనిక ప్రభుత్వం తన కార్యాలయంగా మార్చుకుంది.

ప్రవాసంలో మ్యూజియం అంటే? భవనం లేకుండా మ్యూజియం ఎలా?

నాకు అన్నిటికంటే ఇష్టమైన అధ్యాయం ఇది. దేశం పోయింది, బొమ్మలు పోయాయి, అధ్యక్షుడు పోయాడు. ఇక అయిపోయిందనుకుని ఊరుకోవచ్చు. వాళ్లు మళ్లీ మొదటి నుంచి అడగడం మొదలుపెట్టారు.

1975 ప్రాంతంలో ‘సాల్వడార్ అలెండీ అంతర్జాతీయ ప్రతిఘటన మ్యూజియం’ పేరుతో పని మళ్లీ మొదలైంది. పారిస్‌లో పెద్రోజా, చిత్రకారుడు హోసే బాల్మెస్, చరిత్రకారుడు మిగెల్ రోహాస్ మిక్స్, పెద్రో మీరాస్. క్యూబా రాజధాని హవానాలో ‘కాసా దె లాస్ అమెరికాస్’ సంస్థ నీడన మిరియా కొంత్రేరాస్. ఆమె అలెండీకి వ్యక్తిగత కార్యదర్శిగా పనిచేసినవారు. కుట్ర రోజున ఆమె కొడుకును సైనికులు పట్టుకుపోయారు. ఆయన మళ్లీ ప్రాణాలతో తిరిగి రాలేదు. అంత దుఃఖం మోసుకుంటూ ఆమె ఏళ్ల తరబడి దేశదేశాల కళాకారులకు ఉత్తరాలు రాశారు.

ఫ్రాన్స్, స్పెయిన్, స్వీడన్, మెక్సికో, వెనిజులా, కొలంబియా, పోలండ్ లాంటి దేశాల్లో కమిటీలు ఏర్పడ్డాయి. ఎక్కడ పోగైన బొమ్మలు అక్కడే ఏదో మ్యూజియంలోనో సాంస్కృతిక సంస్థలోనో భద్రంగా ఉండేవి. అప్పుడప్పుడూ బయటికి తీసి ఊరూరా ప్రదర్శించేవాళ్లు. 1977లో ఫ్రాన్స్‌లోని నాన్సీ నగరంలో నాటకోత్సవంతో పాటే పెద్ద ప్రదర్శన జరిగింది. చూడ్డానికి వచ్చినవాళ్లకు బొమ్మలతో పాటు చిలీ జైళ్ల సంగతీ తెలిసేది.

హోసే బాల్మెస్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఆయన పుట్టింది స్పెయిన్‌లోని కాటలోనియాలో. అంతర్యుద్ధంలో రిపబ్లిక్ ఓడిపోయాక కుటుంబం ఫ్రాన్స్‌కు పారిపోయింది. అప్పుడు నెరూడా చిలీ ప్రభుత్వం తరఫున ‘విన్నిపెగ్’ అనే ఓడను ఏర్పాటు చేసి రెండు వేల మందికి పైగా స్పానిష్ శరణార్థులను చిలీకి పంపించారు. 1939 సెప్టెంబర్‌లో వాల్పరాయిసో రేవులో దిగినవాళ్లలో పన్నెండేళ్ల బాల్మెస్ ఉన్నాడు. చిలీలో పెరిగి చిత్రకారుడయ్యారు, లలితకళల విభాగాన్ని నడిపారు. 1973లో రెండోసారి ప్రవాసి అయ్యారు, ఈసారి చిలీ నుంచి ఫ్రాన్స్‌కు. చిన్నప్పుడు తనను ఒడ్డున పడేసిన సంఘీభావం ఎలాంటిదో తెలిసిన మనిషి కాబట్టే, ఈ పని ఆయనకు బరువనిపించలేదేమో. ఆ తర్వాత చాలా ఏళ్లకు ఇదే మ్యూజియానికి డైరెక్టర్ అయ్యారు. 2016లో చనిపోయారు.

బొమ్మలన్నీ మళ్లీ చిలీలో కలవడాన్ని పెద్రోజా చూశారా?

లేదు. 1977లో బ్రెజిల్‌కు తిరిగి వెళ్లగలిగారు. 1980లో అక్కడ వర్కర్స్ పార్టీ ఏర్పడినప్పుడు దాని సభ్యత్వ పట్టికలో మొదటి పేరు ఆయనదే. 1981లో రియోలో కన్నుమూశారు. చిలీ విడుదల కావడానికి ఇంకా తొమ్మిదేళ్లుంది.

బొమ్మలు ఎప్పుడు కలిశాయి?

1988 అక్టోబర్ 5న ప్రజాభిప్రాయ సేకరణలో పినోచెట్ కొనసాగాలా అన్నదానికి చిలీ ప్రజలు ‘వద్దు’ అన్నారు. 1990లో పౌర ప్రభుత్వం వచ్చింది. 1991 సెప్టెంబర్‌లో శాంటియాగోలోని జాతీయ లలితకళల మ్యూజియంలో, 1973కు ముందు వచ్చి గోదాముల్లో పడున్నవాటినీ, ప్రవాసంలో పోగై విదేశాల నుంచి వచ్చినవాటినీ కలిపి ప్రదర్శించారు. కొన్ని బొమ్మలు తాము ఇవ్వబడిన దేశాన్ని మొదటిసారి చూసింది అప్పుడే. అప్పటి నుంచి సంఘీభావ మ్యూజియం పేరులోనూ అలెండీ పేరు చేరింది. తిరిగి నిలబెట్టే పనిని కార్మెన్ వా అనే గ్యాలరీ నిర్వాహకురాలు భుజాన వేసుకున్నారు. దశాబ్దానికి పైగా డైరెక్టర్‌గా ఆ బరువు మోశారు.

అన్నీ దొరికాయా?

అన్నీ దొరకలేదు. కొన్ని కుట్ర గందరగోళంలో మాయమయ్యాయి. మ్యూజియం వాళ్లు పాత ఉత్తరాలు, జాబితాలు, రవాణా కాగితాలు పట్టుకుని ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నారు. వాళ్ల ఆర్కైవ్ పని నాకు బొమ్మలంత విలువైనదిగానే కనిపిస్తుంది. ఏ బొమ్మను ఎవరు, ఎప్పుడు, ఏ మాటలతో ఇచ్చారో తెలియకపోతే అది మామూలు సేకరణ అయిపోతుంది.

ఇప్పుడున్న భవనం ప్రత్యేకత ఏమిటి?

అవెనిదా రిపుబ్లికా వీధిలో 475 నంబరు. పాత సంపన్న కుటుంబం కట్టుకున్న పెద్ద మేడ, హైరెమాన్స్ భవనం అంటారు. ఒకప్పుడు స్పెయిన్ రాయబార కార్యాలయం. తర్వాత చిలీ విశ్వవిద్యాలయం మానవీయ శాస్త్రాల విభాగం ఉండేది. ఆ తర్వాత పినోచెట్ గూఢచారి సంస్థ సీఎన్‌ఐ దీన్ని తీసుకుని, జనం ఫోన్లు దొంగచాటుగా వినడానికి వాడింది. నేలమాళిగలో ఆ ఫోన్ వైర్ల ఆనవాళ్లు ఉన్నాయి. వాటిని పీకేయకుండా చూపించడానికే నిర్ణయించారు. మంచి పని చేశారు. పైన మిరో, కింద గూఢచారుల వైర్లు. చిలీ చరిత్రను ఇంతకంటే సూటిగా చెప్పే ఇల్లు మరొకటి ఉంటుందనుకోను.

ఇలాంటి మ్యూజియాలు ఇంకెక్కడైనా ఉన్నాయా?

ఉన్నాయి, కొన్ని దీన్ని చూసే పుట్టాయి. 1978 మార్చిలో బీరూట్ అరబ్ విశ్వవిద్యాలయంలో పాలస్తీనా కోసం అంతర్జాతీయ కళా ప్రదర్శన జరిగింది. సుమారు 30 దేశాల నుంచి దాదాపు 200 మంది కళాకారులు పనులు ఇచ్చారు. సొంత గడ్డ మీద మ్యూజియం కట్టుకునేదాకా లోకమంతా తిప్పాలని అనుకున్నారు. 1982లో ఇజ్రాయెల్ దాడిలో బీరూట్‌లో బాంబులు పడ్డప్పుడు ఆ సేకరణను దాచిన భవనం దెబ్బతింది. చాలా పనులు, కాగితాలు నాశనమయ్యాయి. చిలీ బొమ్మలకు దక్కిన అదృష్టం వాటికి దక్కలేదు.

1983లో పారిస్‌లో వర్ణవివక్షకు వ్యతిరేకంగా కళాకారులు ఇలాంటిదే మొదలుపెట్టారు. దక్షిణాఫ్రికాలో అందరికీ ఓటు హక్కు వచ్చాక ఆ దేశానికి అప్పగించాలన్నది ఒప్పందం. మండేలా అధ్యక్షుడయ్యాక, 1996లో ఆ మాట నిలబెట్టుకున్నారు. వీటికి ముందరిది స్కోపియే, అప్పట్లో యుగోస్లావియాలో, ఇప్పుడు ఉత్తర మాసిడోనియాలో ఉన్న నగరం. 1963 జూలై 26న వచ్చిన భూకంపంలో ఆ నగరం నేలమట్టమైంది, వెయ్యి మందికి పైగా చనిపోయారు. ప్రపంచ కళాకారులు బొమ్మలిచ్చారు, పికాసో కూడా. భవనాన్ని పోలండ్ కట్టించి ఇచ్చింది. అక్కడ ఆపద ప్రకృతిది. అందుకే ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఇండియాకు, తెలుగువాళ్లకు దీనితో ఏమైనా సంబంధం ఉందా?

నేరుగా చెప్పుకోదగ్గ పెద్ద సంబంధం ఏమీ లేదు, లేనిది కల్పించడం నాకిష్టం లేదు. కానీ రెండు చిన్న దారాలున్నాయి. పైన చెప్పిన 275 రోజుల భవనం ఏ సదస్సు కోసం కట్టారో, దానికి ముందరి సదస్సు 1968లో మన న్యూఢిల్లీలోనే జరిగింది. పేద దేశాలు తమ సరుకుకు న్యాయమైన ధర అడిగిన వేదిక అది. రెండోది నెరూడా. తెలుగులో ఆయన కవిత్వానికి ఎన్నో అనువాదాలు వచ్చాయి, అభ్యుదయ, విప్లవ కవిత్వం చదివినవాళ్లకు ఆయన పేరు పరాయిది కాదు. ఈ మ్యూజియం కథలో ఆయన రెండుసార్లు కనిపించడం అలాంటి పాఠకులకు సంతోషాన్నిస్తుంది.

వెళ్లి చూడాలంటే?

శాంటియాగో మెట్రో ఒకటో లైన్‌లో రిపుబ్లికా స్టేషన్లో దిగితే నడిచి వెళ్లిపోవచ్చు. బొమ్మల పక్కన రాసేది ప్రధానంగా స్పానిష్‌లో, కాబట్టి ఫోన్లో అనువాదం యాప్ పెట్టుకోండి. ప్రదర్శనలు మారుతుంటాయి కాబట్టి మిరో కోడిపుంజు మీరు వెళ్లిన రోజున గోడ మీద ఉండకపోవచ్చు, ముందే మ్యూజియం వెబ్‌సైట్ చూసుకుంటే నిరాశ ఉండదు. నేలమాళిగ మాత్రం వదలకండి.

ఒక రోజంతా కేటాయించగలిగితే ఇంకో రెండు చోట్లు కలుపుకోవచ్చు. 2010లో తెరిచిన జ్ఞాపకాల, మానవ హక్కుల మ్యూజియం కింతా నోర్మాల్ మెట్రో స్టేషన్ దగ్గరే ఉంది. ఆ సదస్సు భవనం ఇప్పుడు కవయిత్రి గబ్రియేలా మిస్త్రాల్ పేరుతో సాంస్కృతిక కేంద్రంగా నడుస్తోంది, నగరం నడిబొడ్డున. ముందు జ్ఞాపకాల మ్యూజియం చూసి, తర్వాత రిపుబ్లికా వీధికి వెళ్తే బాగుంటుందని నా సలహా.